తెలుగులో విని, ఇంగ్లీషులో రాసే ఉద్యోగం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి: లాజిస్టిక్స్, అంటే సరుకు రవాణా పని, చదివే పిల్లల ఇంగ్లీషు. రాసినవాళ్లు ఒకరికొకరు తెలియదు, ఊళ్లు వేరు, కానీ ప్రశ్నలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి కాబట్టి నాలుగూ ఇక్కడే ఇస్తున్నా.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. ఈ ఏడాది నాకు బీబీఏ లాజిస్టిక్స్ రెండో సంవత్సరం క్లాసు ఇచ్చారు. సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియం పిల్లలు. నేను చదివింది ఇంగ్లీషు సాహిత్యం, కంటైనర్ అంటే రోడ్డు మీద పోతుంటే చూడటమే. టెన్సులు, వాయిస్, లెటర్ రైటింగ్ చెప్తున్నా, నోట్సు రాసుకుంటున్నారు, పరీక్ష రాస్తున్నారు, నోరు మాత్రం తెరవరు. మొన్న ఒక అమ్మాయి లేచి "మేడం, ఇదంతా మాకు ఉద్యోగంలో ఎక్కడ పనికొస్తుంది?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, ఆ పిల్ల అడగాల్సిందే అడిగింది. దానికి జవాబు స్టాఫ్ రూములో దొరకదు. ఒకరోజు సెలవు పెట్టి, తెలిసినవాళ్ల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఏదైనా ఉంటే పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఊరికే కూర్చోండి. నేను అట్లాగే నేర్చుకున్నా. మా పెద్దన్నకు లారీ ఆఫీసు ఉండేది, సెలవుల్లో వెళ్లినప్పుడు బల్ల పక్కన కూర్చుని వినేదాన్ని. బుకింగ్ దగ్గర ఉన్న కుర్రాడికి డ్రైవరు ఫోన్ తెలుగులో వస్తుంది. "యాడుండావన్నా?" "గుత్తి దాటినా, టైరు పోయింది, రెండు గంటలు పడతాది." అంతే మాట. ఆ మాట విన్న ఐదు నిమిషాల్లో బెంగళూరులో ఉన్న కస్టమరుకు ఇంగ్లీషులో మెయిల్ వెళ్లాలి. వాళ్లు ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను మళ్లీ డ్రైవరుకు తెలుగులో, అప్పుడప్పుడు హిందీలో చెప్పాలి. మీ క్లాసులో ఉన్న పిల్లలు రేపు చేయబోయే పని ఇదే. రోజంతా రెండు భాషల మధ్య నిలబడి ఒకవైపు మాటను ఇంకోవైపుకు దాటించాలి.

మనం ఏం చేస్తున్నామంటే, ఇంగ్లీషు క్లాసులోకి తెలుగును రానివ్వడం లేదు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే కాలేజీల్లో నేనూ పనిచేశాను, అది ఏ క్లాసులోనైనా తప్పే, లాజిస్టిక్స్ క్లాసులో అయితే పిల్లల చేతిలోని పనిముట్టు లాక్కున్నట్టు. కాబట్టి మొదటి రోజే ఇలా చేయండి. ఇద్దరు పిల్లల్ని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి, ఎదురెదురుగా కూర్చుంటే సైగలతో లాగించేస్తారు, ఫోన్లో ముఖం కనబడదు కదా. ఒకరు డ్రైవరు, కర్నూలు నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి తోలుతున్నాడు. మీరు చీటీ మీద సమస్య రాసివ్వండి, అతను తెలుగులోనే, ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పాలి. రెండోవాళ్లు విని, అడగాల్సినవి అడిగి, నాలుగు వాక్యాల మెయిల్ ఇంగ్లీషులో రాయాలి: బండి ఎక్కడుంది, ఏం జరిగింది, ఎప్పటికి చేరుతుంది, మనం ఏం చేస్తున్నాం. "ద వెహికల్ హాజ్ క్రాస్డ్ గుత్తి. ఇట్ ఈజ్ డిలేడ్ బై టూ అవర్స్ డ్యూ టు ఎ టైర్ ఫెయిల్యూర్. ద రివైజ్డ్ ఈటీఏ ఈజ్ 9 పీఎం టుడే. వి విల్ కాల్ యు వెన్ ఇట్ క్రాసెస్ అనంతపురం." ఇందులో గొప్ప ఇంగ్లీషు ఏమీ లేదు, అయినా కస్టమరు ఇంకో ఫోన్ చేయాల్సిన అవసరం రాదు. మెయిల్ బాగుందా లేదా అని మార్కులు వేయడానికి నేను చూసేది అదొక్కటే, చదివినవాడు మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తుందా రాదా. నోరు తెరవని పిల్లలు ఈ ఆటలో తెరుస్తారు, ఎందుకంటే క్లాసులో ఎవరో ఒకరి నాన్న లారీ డ్రైవరే అయి ఉంటాడు, ఇంకొకరి మామ మార్కెట్ యార్డులో హమాలీ. ఆ చీటీలో మీరు రాసిన సమస్య తప్పయితే వాళ్లే దిద్దుతారు. నాకు అట్లా దిద్దిన పిల్లలున్నారు, వాళ్ల దగ్గరే నేను హాల్టింగ్ (బండి ఖాళీ కాక ఆగిపోయిన రోజులకు వచ్చే డబ్బు) అంటే ఏమిటో, టు పే (కిరాయి సరుకు అందుకునేవాళ్లు కట్టడం) అంటే ఏమిటో నేర్చుకున్నా.

గ్రామరు వదిలేయమని చెప్పడం లేదు. గ్రామరు ఎక్కడ అవసరమో అక్కడ గట్టిగా పట్టుకోండి. వాయిస్ సంగతే తీసుకోండి. "రామ కిల్డ్ రావణ"ను తిప్పి రాయమంటే పిల్లలు ఏళ్ల తరబడి తిప్పుతూనే ఉన్నారు, ఎందుకు తిప్పాలో ఎవరూ చెప్పలేదు. లాజిస్టిక్స్ ఇంగ్లీషు నిండా ప్యాసివే ఉంటుంది, ఎవరు చేశారన్నది కాకుండా సరుకుకు ఏమైందన్నదే అక్కడ ముఖ్యం. మన తెలుగులో ఇది రోజూ నోట్లో ఉండే మాటే: లోడింగ్ అయింది, సీల్ అయింది, బుక్ అయింది, తూకం అయిపోయింది. ఈ "అయింది"ని పట్టుకుని "హాజ్ బీన్ లోడెడ్, హాజ్ బీన్ సీల్డ్, హాజ్ బీన్ బుక్డ్, హాజ్ బీన్ వేయ్డ్" అని చెప్పించండి. ఒక్క పీరియడ్ చాలు. "అవుతోంది" అంటే "ఈజ్ బీయింగ్ లోడెడ్", "కాలేదు" అంటే "హాజ్ నాట్ బీన్ లోడెడ్ యెట్". నేను ఇది బోర్డు మీద రాసిన రోజు వెనక బెంచీలో ఎప్పుడూ కిటికీలోంచి చూసే అబ్బాయి "మేడం, ఇంతేనా?" అన్నాడు, ఇంతే.

ఇంకోటి, "బై", "టిల్". దీని మీద నాకు ఒక బాధ ఉంది. నా విద్యార్థి ఒకడు మొదటి ఉద్యోగంలో చేరిన నెలలోనే ఒక ఫ్యాక్టరీకి "వెహికల్ విల్ బి దేర్ టిల్ థర్స్‌డే" అని రాశాడు. వాడి మనసులో ఉన్నది గురువారానికల్లా బండి వస్తుందని. వాళ్లు చదువుకున్నది గురువారం దాకా బండి అక్కడే ఉంటుందని. బుధవారం పొద్దున్నే హమాలీలను పిలిపించి కూర్చోబెట్టారు, బండి లేదు, రోజు కూలీ మొత్తం వాడి ఆఫీసు కట్టింది, వాడు రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. వాడికి నేను ప్రిపొజిషన్లు చెప్పాను, ఖాళీలు పూరించమని ఇచ్చాను, మంచి మార్కులు కూడా వేశాను. కానీ ఆ రెండు మాటల మధ్య ఒక రోజు కూలీ ఉంటుందని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా: "కల్లా, లోపు" అంటే బై. "దాకా, వరకు" అంటే టిల్. తెలుగులో ఆ తేడా పిల్లలకు పుట్టుకతో తెలుసు, ముందు తెలుగులో అనిపించి తర్వాత ఇంగ్లీషుకు రండి.

తెలిసిన మాటలే మోసం చేస్తాయి, వాటికీ కొంత సమయం పెట్టండి. డిటెన్షన్ అంటే మన పిల్లలకు అటెండెన్స్ తగ్గి ఏడాది పోవడం. ఇక్కడ మాత్రం, దిగుమతి అయిన కంటైనరును పోర్టు బయటికి తెచ్చుకుని, ఖాళీ చేసి, ఇచ్చిన ఫ్రీ డేస్ లోపల తిరిగి అప్పజెప్పకపోతే కట్టాల్సిన డబ్బు. సరుకుతో ఉన్న కంటైనరు పోర్టులోనే గడువు దాటి ఉండిపోతే పడేది డెమరేజ్. రైల్వేలో ఈ మాటలు ఇంకోలా ఉంటాయి, వ్యాగన్‌ను గడువు దాటి ఆపితే డెమరేజ్, దించిన సరుకు రైల్వే స్థలంలోంచి తీయకపోతే వార్ఫేజ్. గుంతకల్లు డివిజన్ పక్కనే ఉన్నవాళ్లం, ఈ తేడా మన పిల్లలకు తెలియకపోతే ఎట్లా? ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే రసీదు, అదే బిల్ ఆఫ్ లేడింగులో "క్లీన్" అంటే కాగితం శుభ్రంగా ఉందని కాదు, సరుకు మీద గానీ ప్యాకింగు మీద గానీ లోపం ఉన్నట్టు ఏమీ రాయలేదని. "నోటిఫై పార్టీ" అంటే సరుకు వచ్చిందని ఎవరికి కబురు చెప్పాలో వాళ్లు. కన్సైనర్, కన్సైనీ దగ్గర కూడా తడబడతారు, ఎంప్లాయర్, ఎంప్లాయీ గుర్తు చేయండి, చివర "ఈ" వస్తే అందుకునేవాళ్లు.

పాఠం ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారేమో, పుస్తకం కొనొద్దు. నిజమైన కాగితాలు తెప్పించండి, పేర్లు, నంబర్లు కొట్టేసి జిరాక్సు తీయండి. ఎల్ఆర్ (లారీ రసీదు) ఒకటి, ఇన్వాయిస్ ఒకటి, ప్యాకింగ్ లిస్టు, వేబ్రిడ్జి (లారీ తూకం) చీటీ, ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం). సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, రాష్ట్రాల మధ్య రవాణాకు ఇది 2018 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు, అందులో భాగానికైనా, ఒక రోజు గడువు. కర్నూలు నుంచి బెంగళూరు మూడు వందల యాభైకి పైనే, అంటే రెండు రోజులు. బండి దారిలో ఆగిపోతే గడువు ముగియడానికి ముందు 8 గంటలు, ముగిశాక 8 గంటలు, ఆ మధ్యలోనే పొడిగించుకోవాలి, కారణం కూడా చెప్పాలి. ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో ఇంగ్లీషులో రాయమనండి. ఎస్సే కంటే అదే కష్టం, అదే పనికొచ్చేది.

చదవడానికి వ్యాసం కావాలంటే మన ఊరి వార్తే ఉంది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు కిసాన్ రైలు బయల్దేరింది, దక్షిణ భారతంలో అదే మొదటిది. అదే ఏడాది జనవరిలో తాడిపత్రి నుంచి అరటి రీఫర్ (లోపల చల్లగా ఉంచే) కంటైనర్లలో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు రైల్లో వెళ్లింది, అక్కడి నుంచి విదేశాలకు. చీనీ (బత్తాయి), అరటి, టమోటా తెలియని పిల్లాడు మీ క్లాసులో ఉండడు. ఆ గెల తోటలో కోసినప్పటి నుంచి ఓడ ఎక్కేదాకా ఒక్కో అడుగూ చెప్పమనండి, మీకు కావాల్సిన సీక్వెన్స్ మాటలన్నీ, ఫస్ట్, దెన్, వన్స్, బిఫోర్, వాటంతట అవే వచ్చి తీరతాయి. పెద్ద పిల్లలకైతే 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసిన సంగతి ఇవ్వండి. మీ సరుకు ఆ వెనకాల ఆగిన ఓడలో ఉంది, కొనేవాడికి మెయిల్ రాయండి అనండి.

ఇంకోటెర్మ్స్, అంటే ఎగుమతి దిగుమతుల్లో అమ్మేవాడి బాధ్యత ఏది, కొనేవాడిది ఏది అని చెప్పే అంతర్జాతీయ షరతులు, వాటి జోలికి మీరు ఒక్కరే వెళ్లకండి. 2020 నాటి జాబితాలో 11 ఉన్నాయి, ఎఫ్ఓబి, సిఐఎఫ్ లాంటివి. ఎవరి రిస్కు ఎక్కడ ముగుస్తుందో చెప్పాల్సింది లాజిస్టిక్స్ సార్, మీరు కాదు. ఇద్దరూ కలిసి ఒక పీరియడ్ తీసుకోండి, ఆయన విషయం చెప్పాలి, మీరు ఆ వాక్యం ఎలా చదవాలో చెప్పాలి. ఆ క్లాసులో మీరూ విద్యార్థిలా కూర్చుని ప్రశ్నలు అడగండి, పిల్లలకు అది చాలా ధైర్యం ఇస్తుంది.

ప్రశ్న: మేడం, నేను కడపలో లాజిస్టిక్స్ చివరి సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాయడం పర్లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఫోన్ మోగితే చెమట పట్టేది. అవతలివాళ్లు కంటైనర్ నంబరు చెప్తే ఒకసారి రాసుకోలేను, మళ్లీ అడగాలంటే సిగ్గు. నాకు ఇంగ్లీషు రాదని అనుకుంటారేమోనని టెన్షన్.
– ఒక విద్యార్థి, కడప

జవాబు: నాయనా, మళ్లీ అడగడం ఈ వృత్తిలో తప్పు కాదు, అడగకపోవడమే తప్పు. ఓడలు, విమానాలు నడిపేవాళ్లు కూడా విన్నదాన్ని తిరిగి చదివి వినిపిస్తారు, అది వాళ్లకు నియమం. నువ్వూ "లెట్ మి రీడ్ దట్ బ్యాక్ టు యు" అని మొదలుపెట్టు. ఈ ఒక్క వాక్యం అలవాటయితే సిగ్గు పోతుంది, ఎందుకంటే అది రానివాడి మాట కాదు, పని తెలిసినవాడి మాట. "కుడ్ యు సే ద లాస్ట్ ఫోర్ డిజిట్స్ అగైన్ ప్లీజ్" కూడా బట్టీ పట్టు, మొత్తం కాకుండా ఏ ముక్క వినబడలేదో ఆ ముక్కే అడుగు.

కంటైనర్ నంబరు ఎట్లా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. ముందు నాలుగు అక్షరాలు, అందులో మూడు యజమాని కోడ్, నాలుగోది దాదాపు ఎప్పుడూ యు. తర్వాత ఆరు అంకెలు, చివర ఒక చెక్ డిజిట్. ఆ చెక్ డిజిట్ ముందున్న అక్షరాలు, అంకెలను లెక్కకట్టి తేల్చేది, కాబట్టి ఒక అక్షరం తప్పు రాసుకుంటే కంప్యూటరు చాలావరకు పట్టేస్తుంది. అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస నేర్చుకో, 1956 నుంచి ప్రపంచమంతా విమానాల్లో వాడుతున్న వరస అది, 26 మాటలు, వారం పని. మనకు దాని అవసరం ఇంకా ఎక్కువ. మనం యమ్, యన్ అంటాం, ఫోన్లో రెండూ ఒకటే. మైక్, నవంబర్ అంటే గొడవ లేదు. అమెరికావాళ్లు జెడ్‌ను "జీ" అంటారు, మన చెవికి అది జి అక్షరమే. జులు, గోల్ఫ్ అని అడిగి తేల్చుకో.

అంకెల్లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర ప్రతిసారీ "వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?" అని అడుగు. లక్షలు మన చుట్టుపక్కల దేశాలు దాటితే పనిచేయవు, పది లక్షలంటే వన్ మిలియన్, కామాలు కూడా మూడేసి అంకెలకు పడతాయి. తేదీ ఎప్పుడూ నెల పేరుతో రాయి. 05/06 అంటే నీకు జూన్ 5, అమెరికాలో ఉన్నవాడికి మే 6.

సాయంత్రం స్నేహితుడితో ఫోన్లో కంటైనర్ నంబర్లు పది చెప్పించుకుని రాయి. హైవే పక్కన నిలబడితే ఎన్ని కావాలంటే అన్ని నంబర్లు కనిపిస్తాయి, ఫొటోలు తీసుకో. నెల రోజులు చేసి నాకు మళ్లీ రాయి, నేను ఎదురుచూస్తా.

ప్రశ్న: మా పిల్లలు ఈమెయిల్సన్నీ ఫోన్లో ఏఐతో రాయిస్తున్నారు. తప్పులు లేవు, కానీ వాళ్లు నేర్చుకున్నదీ ఏమీ లేదు. నిషేధించాలా?
– ఒక లెక్చరర్, కర్నూలు

జవాబు: నిషేధించలేరు, ఆఫీసులో వాళ్లు వాడేది కూడా అదే. మీరు చేయగలిగింది తప్పు పట్టడం నేర్పడం. ఏఐ రాసిన మెయిల్ నున్నగా ఉంటుంది, అందులో ఉండాల్సిన సంగతి ఉందా లేదా అన్నది దానికి తెలియదు, ఇచ్చినవాడికి తెలియాలి. కావాలనే లోపం పెట్టిన మెయిళ్లు పది తయారు చేసి ఇవ్వండి. ఒకదాంట్లో గ్రాస్ వెయిటు (ప్యాకింగుతో కలిపి), నెట్ వెయిటు (సరుకు ఒక్కటే) తారుమారు, ఒకదాంట్లో పోర్టు పేరు లేదు, ఇంకోదాంట్లో మైనస్ గుర్తు ఎగిరిపోయింది. గడ్డకట్టిన చేపలు మైనస్ 18 డిగ్రీల్లో వెళ్తాయి, ఆ చిన్న గీత పోతే సరుకు మొత్తం పారబోయడమే. అరటి 13, 14 డిగ్రీల దగ్గర ఉండాలి, అంతకంటే బాగా తగ్గితే తొక్క నల్లబడిపోతుంది. ఈ మెయిళ్లు చదివి తప్పు కనిపెట్టినవాళ్లకే మార్కులు. అలాగే "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" కనబడిన ప్రతిచోటా గీత గీయించండి, అది తప్పు ఇంగ్లీషని కాదు, ఎదుటివాడు ఏం చేయాలో అందులో లేదు. ఏం చేయాలో, ఎప్పటిలోపు చేయాలో రాయించండి. ఇవి కాక వారానికి ఒక మెయిల్ క్లాసులోనే, కాగితం మీద, పది నిమిషాల్లో.

ప్రశ్న: నాకు రెండు లారీలున్నాయి. కొడుకు లాజిస్టిక్స్ డిగ్రీ చదువుతున్నాడు. స్పోకెన్ ఇంగ్లీషు కోసం బెంగళూరు పంపమంటున్నాడు, ఫీజు, రూము కలిపి చాలా అవుతుంది. పంపాలా?
– ఒక లారీ యజమాని, కర్నూలు

జవాబు: అన్నా, ఇప్పుడే వద్దు. ముందు మీ రెండు బండ్ల పని వాడికి ఇంగ్లీషులో అప్పజెప్పండి. ఎల్ఆర్ వాడే రాయాలి, లోడు ఇచ్చిన కంపెనీకి బండి ఎక్కడుందో రోజుకు రెండుసార్లు వాడే మెసేజ్ పెట్టాలి, డ్రైవరు చెప్పింది వాడే వినాలి. హాల్టింగ్ డబ్బులు రావాల్సినవి ఏవైనా ఆగిపోయి ఉంటాయి కదా, ఆ బిల్లు కోసం అడుగుతూ మెయిల్ వాడితోనే రాయించండి, ఏ రోజు బండి చేరింది, ఏ రోజు ఖాళీ అయింది, ఎన్ని రోజులకు ఎంత రావాలి, అన్నీ ఉండేట్టు. ఆరు నెలలు ఇట్లా చేశాక కూడా వెళ్తానంటే అప్పుడు పంపుదురు, అప్పటికి వాడికి ఏం నేర్చుకోవాలో తెలిసి ఉంటుంది. ఇవాళ రాత్రి బండి బయల్దేరుతుంటే వాడిని కాటా (తూకం) దగ్గరికి తీసుకెళ్లండి, గ్రాస్ (లోడుతో బండి బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), నెట్ (సరుకు బరువు) మూడూ వాడి చేతే రాయించి కంపెనీకి పంపమనండి.